రెండుసార్లు పై బాణం, ఒక ఎంటర్

ఐమో కార్పినెన్ మౌస్ ముట్టుకోగా మా ఆర్కైవులో ఎవరూ చూడలేదు. నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాలు, ఆయన రెండు చూపుడు వేళ్ళు, అంతే. కాగితం మిల్లులో ఇరవై రెండేళ్ళు కంప్యూటర్లు చూసుకుని, మిల్లు మూతపడ్డాక మా దగ్గరికి వచ్చాడు. తూర్పు ఫిన్లాండులో మాది చిన్న ఊరు. ఆర్కైవంటే గ్రంథాలయం కింది అంతస్తులో మూడు గదులు. ముందు గదిలో నేను, వెనక గదిలో ఆయన, మధ్య గదిలో కుర్చీ, స్పీకర్లు, కాఫీ కాచుకునే మూల.

మనిషి మంచివాడే, కాకపోతే గురువు వేషం ఎక్కువ. నా బల్ల మీద కమాండుల కాగితం ఒకటి అంటించాడు. డిస్కులో చోటెంత మిగిలిందో చూడాలంటే డీఎఫ్. ఆ చోటు ఎవరు తింటున్నారో తెలియాలంటే డీయూ. ఫైళ్ళ గుట్టలో ఒక మాట వెతకాలంటే గ్రెప్. అన్నిటికంటే పైన ఎర్ర సిరాతో, "ముందు ఎల్‌ఎస్ కొట్టి ఏముందో చూడు, తర్వాతే చెయ్యి వెయ్యి" అని. నేనొకసారి చూడకుండా ఏదో ఫైలు చెరిపితే వారం రోజులు దెప్పాడు.

"ఏం కెర్తూ, మీ ఇంట్లో గిన్నెలో నీళ్ళున్నాయో లేదో చూడకుండానే పొయ్యి వెలిగిస్తావా?"

"మా ఇంట్లో వంట మా ఆయనది. వెళ్ళి ఆయన్నడుగు."

మాకున్న ఆస్తల్లా గొంతులే. రష్యాతో జరిగిన యుద్ధంలో, ఇప్పుడు సరిహద్దు అవతల పడిన ఊళ్ళు పోగొట్టుకుని వచ్చినవాళ్ళ మాటలు, పాటలు, ఏడుపులు, అన్నీ కలిపి తొమ్మిది వందల దాకా రికార్డింగులు. మాట్లాడినవాళ్ళు దాదాపు అందరూ పోయారు. కంప్యూటరులోకి ఎక్కించాక, బూజు పట్టాయని పాత టేపులు పారేశారు. పారేయమన్న కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. అది దాచను.

ప్రతి గురువారం పదకొండింటికి సైమి పూరునెన్ వచ్చేది. ఎనభై ఆరేళ్ళ మనిషి. వాళ్ళమ్మ మాట్లాడిన పదకొండు నిమిషాలు మా దగ్గర ఉండేవి, మధ్య గదిలో కూర్చుని అవి వినేది. ఆవును కొట్టంలోనే వదిలి, పిల్లల్ని బండెక్కించిన ఉదయం గురించి. ఆ బండిలో సైమి కూడా ఉంది. ఇంటికి కాపీ ఇస్తామంటే ఒప్పుకునేది కాదు.

"ఇంట్లో ఉంటే పొద్దస్తమానం అదే పెట్టుక్కూచుంటాను. నాకు ఇంకో పని ఉండదు. ఇక్కడే ఉండనీండి."

ఐమో రోజూ రెండు గంటల కాఫీకి ముందు ఒక పని చేసేవాడు. అసలు డిస్కులో ఉన్నదంతా రెండో డిస్కులోకి దింపడం. ఆర్‌సింక్ అనే కమాండు. అసలులో ఉన్నది రెండోదానిలో చేరాలి, అసలులో లేనిది రెండోదానిలోనూ ఉండకూడదు, అలా రాసుకున్నాడు. రోజూ మళ్ళీ టైపు చేయడమెందుకని, పై బాణం మీట రెండుసార్లు నొక్కితే నిన్నటి కమాండు తెర మీదికి వచ్చేది. ఎంటర్. ఆపైన కాఫీ. పదకొండేళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు లేచింది గానీ, అసలు డిస్కు లేవలేదు, చచ్చిపోయింది. దాన్ని తగిలించే ఫోల్డరు మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తోంది, లోపల ఏమీ లేకుండా. అప్పటికి రెండో డిస్కులో గొంతులన్నీ క్షేమంగానే ఉన్నాయి. ఆ రోజు ఐమో జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నా ఇవాళ్టికీ ఉండేవి. పడుకోలేదు, వచ్చాడు. రెండింటికి పై బాణం, పై బాణం, ఎంటర్. అసలులో ఏమీ లేదు కాబట్టి, కమాండు రెండోదానిలో ఉన్నదంతా చెరిపేసింది. ఆ సంగతి కాఫీ తాగి వెళ్ళాక చూశాడు.

అలవాటులో పొరపాటు అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎల్‌ఎస్. రెండే అక్షరాలు. నాకు వారం పాటు పాఠం చెప్పినవాడికి అవి కొట్టడానికి తీరిక లేకపోయింది.

డిస్కులు రెండూ హెల్సింకీలో బాగుచేసేవాళ్ళకు పంపాం. ఐదు గురువారాలు సైమి వచ్చింది, "మరమ్మతు నడుస్తోంది" అంటే తలూపింది, కాఫీ తాగి వెళ్ళింది. ఆరో గురువారం పొద్దున్నే జవాబు వచ్చింది. మొదటి డిస్కు లోపలి పళ్ళేలు గీసుకుపోయాయి. రెండోది, చెరిపినదాన్ని అక్కడికక్కడే తుడిచేసే కొత్త రకం. ఒక్క ఫైలు కూడా దక్కలేదు.

"సైమికి డిస్కు పాడైపోయిందని చెప్పు," అన్నాను ఐమోతో. "అబద్ధం కాదుగా. తక్కినది ఎవరికి తెలుస్తుంది?"

"హిస్టరీలో ఉంది," అన్నాడు. మనం కొట్టిన ప్రతి కమాండూ కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది, ఆ చిట్టా సంగతి.

"అయితే అదీ చెరిపెయ్."

"ఇంకోటి కూడా నా చేత్తోనే చెరపమంటావా?"

పదకొండింటికి సైమి వచ్చి కోటు గుండీలు విప్పుతుంటే ఐమో ఎదురెళ్ళి నిలబడ్డాడు.

"మీ అమ్మగారి గొంతు పోయింది, సైమి గారూ. డిస్కు దానంతటది పోయింది. కానీ కాపీ ఒకటి ఉండేది. దాన్ని నేనే తుడిచేశాను. చూసుకోకుండా మీట నొక్కాను."

"అంతా పోయిందా?"

"అంతా."

ఆమె విప్పిన గుండీలు మళ్ళీ పెట్టుకోసాగింది. ఒకటి తప్పు కాజాలో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఐమో అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"నాకు కంఠతా వచ్చు," అన్నాడు. మధ్య గది గోడ పల్చన, ఇన్నేళ్ళ గురువారాలూ ఆయన విన్నాడు. "ఆవిడ ఎక్కడ ఆగుతారో, ఎక్కడ దగ్గుతారో కూడా తెలుసు. ఇప్పుడే చెప్తాను, వినండి. 'తెల్లారకముందే ఆవు...'"

"నోరు ముయ్యి!" సైమి అరవగా నేనెప్పుడూ వినలేదు. "నా చెవిలో మా అమ్మ ఇంకా కాస్త మిగిలుంది. దాని మీద నీ గొంతు పడిందంటే అదీ పోతుంది."

చేతికర్ర తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఏప్రిల్లో ఐమో ఉద్యోగం మానేశాడు. ఊళ్ళో ఉన్న దుకాణం ఒకటే గనక ఇద్దరూ అక్కడికే రావాలి. వరుసలో మాట వినపడేంత దగ్గర్లో సైమి ఉంటే, గల్లాపెట్టె దగ్గరి పిల్ల పేరు పెట్టి పలకరించినా సరే, ఐమో తలూపి ఊరుకుంటాడు, పెదవి విప్పడు.