కరమాత్సు మెడకు గడ్డిచాప

కురాషినా తోకుజి నలభై ఏళ్లుగా సాకు అనే పట్టణంలో తోటమాలి. ఊళ్లో ఏ చెట్టుకు జబ్బు చేసినా ముందు కబురు వెళ్లేది అతనికే. అంత పేరు మోసిన మనిషికి తప్పు ఒప్పుకోవడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

మొమోసే ఫుసాఎ గారి పెరట్లో వాలుకొమ్మల కరమాత్సు ఉంది; పైన్‌కి చుట్టమే అయినా ఏటా చలికి ముందు ఆకులు పసుపెక్కి రాలిపోయే చెట్టు. పోయే ముందు ఏడాది ఆవిడ భర్త దాన్ని మామూలు కరమాత్సు మొదలుకు మనిషెత్తులో అంటు కట్టాడు. కొమ్మలన్నీ ఆ అంటు దగ్గర పుట్టి జడల్లా నేలకు దిగుతాయి. ఆయన చేత్తో చేసినవాటిలో ఆవిడకు మిగిలింది అదొక్కటే. తెల్లపేను పడితే తోకుజి సబ్బునీళ్లతో కడిగాడు. ఆకుపురుగు పడితే అన్నం తినే జంట పుల్లలతో ఒక్కొక్కటే ఏరాడు.

చలికి ముందు పైన్ చెట్లకు గడ్డిచాప చుడతారు. పురుగులు వెచ్చదనానికి అందులో దూరితే వసంతంలో విప్పి తగలబెడతారు. మూడేళ్ల కిందట ఫుసాఎ గారు ముచ్చటపడితే తోకుజి కరమాత్సుకీ చుట్టాడు, సరిగ్గా అంటు మీద; అప్పటినుంచి ఏటా అంతే.

ఈ మార్చిలో చాప విప్పితే అక్కడ జిగురు కారుతోంది. పైన్‌కైతే జిగురు బలానికి గుర్తు. అదే లెక్కన వదిలేశాడు. మే నెలలో అనుమానమొచ్చి బెరడు గోకితే, అంటు కట్టిన మెడ చుట్టూ కుళ్లు. చాప తడి పట్టి ఉంచిన చోటే బూజు పుండైంది. కొమ్మకైతే కోసి పారేయొచ్చు, మెడకొస్తే ఏం కోస్తాడు? కొత్త అంటు కడదామంటే చిగుళ్లు విచ్చి అదను దాటిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మిగిలింది. తోకుజికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆగస్టులోనే చెట్టంతా పసుపు రంగుకు తిరిగింది.

"మేస్త్రీ, ఈ ఏడు దీనికి తొందరెక్కువైనట్టుందే," అంది ఫుసాఎ గారు టీ గ్లాసు అందిస్తూ.

"అమ్మగారూ, ఈ చెట్టు..."

"ఏటా ఆకు రాల్చేదేగా, రాల్చనీ. మా ఆయనా అంతే, రైలుకి గంట ముందే వెళ్లి కూర్చునేవాడు. ముందు టీ తాగు, చల్లారిపోతోంది."

అతను టీ తాగాడు.

నవంబరులో ఆవిడే కొత్త గడ్డిచాప తెప్పించి ఉంచింది.

"మూడేళ్లుగా నీ చాపే దీన్ని కాస్తోంది మేస్త్రీ. వసంతానికి నేనున్నా లేకపోయినా ఇదుంటే చాలు. గట్టిగా కట్టు."

"కడతానమ్మా."

తోకుజి ఎండిన మెడ చుట్టూ చాప తిప్పాడు. పైన వదులుగా, కింద బిగువుగా, ఎప్పటిలాగే ముడి వేశాడు. నిజం చెప్పడానికి మార్చి దాకా గడువుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు.