ఎక్స్చేంజ్‌లో పోయిన జూమ్ లెన్సు

నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త సులువు.

కర్ణాటకలోని చింతామణిలో నాది పెళ్ళిళ్ళ ఫోటో స్టూడియో. బాగేపల్లిలో ఇదే పని చేసే ఒకాయన ఉన్నాడు, నాకన్నా పదేళ్ళు పెద్ద. అన్నా అని పిలుస్తాను. ఇద్దరం చెరిసగం వేసుకుని ఒక పెద్ద జూమ్ లెన్సు కొన్నాం. మా వైపు కన్యాదానంలో ధారె పోసే ముహూర్తానికి చుట్టాలంతా స్టేజీ ఎక్కేసి పెళ్ళికూతురిని చుట్టుముట్టేస్తారు. కింద నిలబడి ఆ సందుల్లోంచి ముఖం పట్టాలంటే జూమే గతి. ఎవరికి పెళ్ళి ఉంటే వాళ్ళ దగ్గరికి లెన్సు బస్సులో వెళ్ళేది. ఇక్కడ కండక్టరు చేతికి సంచి ఇస్తే అక్కడ స్టాండులో ఎదురుచూసి దించుకునేవాళ్ళం. ఇన్నేళ్ళలో దాని మీద ఒక్క గీత పడలేదు.

ఇద్దరి క్యామెరాలూ ఒకే కంపెనీవి కాబట్టి ఇదంతా సాగింది. ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ క్యామెరా బాడీకి బిగుసుకోదు. కంపెనీలకు కావలసిందీ అదే.

మిర్రర్‌లెస్ అని కొత్తరకం క్యామెరాలు వచ్చాక వాళ్ళ పోటీ చూడాలి! ఒకడు లక్షల్లో కొత్త బాడీ దించుతాడు. మనం కిందామీదా పడి కొంటాం. ఏడాది తిరక్కుండానే పక్క కంపెనీవాడు అంతకన్నా గొప్పది తక్కువకు పెడతాడు. దెబ్బకు మొదటివాడు కూడా ధర కోసేస్తాడు. మొన్న కొన్నవాడి నోట్లో మట్టి. బాడీ చవగ్గా ఇచ్చేది మన మీద ప్రేమతో కాదు, తర్వాత లెన్సుల దగ్గర పిండుకోవడానికి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ పడ్డాను.

ఏం చేయను? పెళ్ళికూతురి తమ్ముళ్ళు ఇప్పుడు ఆల్బం చూడరు. "ఏం క్యామెరాన్నా నీది? పాత మోడల్ గదా ఇది" అని ఫోన్‌లో రేటు తీసి మన ముఖం ముందు పెడతారు. ఆ సీజన్‌లో రెండు పెళ్ళిళ్ళు అలాగే చేజారాయి. అప్పుడే బెంగళూరు షోరూములో పక్క కంపెనీవాడు ఆఫర్ పెట్టాడు. పోటీ కంపెనీ సరుకు ఏది తెచ్చినా ఎక్స్చేంజ్ బోనస్, ఆ వారానికే. నా పాత బాడీ ఇచ్చాను. చాల్లేదు. సంచిలో జూమ్ ఉంది. అది ఈ కొత్త బాడీకి ఎలాగూ పట్టదు కదా అన్నాడు అమ్మేవాడు, కన్నడలో, నవ్వుతూ. సీజన్ అయ్యాక అన్నకు ఇంకోటి కొనిచ్చేద్దాంలే అనుకుని ఇచ్చేశాను. ఒక్క ఫోన్ చేసి అడగాలని తోచలేదా? తోచింది. వద్దంటాడని చేయలేదు.

పది రోజులకు అన్నే ఫోన్ చేశాడు. "అప్పా, మిట్టేమరి ఊరోళ్ళ పెండ్లి రేపు. ఈడ బాగేపల్లి మంటపంలోనే. జూమ్ ఫస్టు బస్సుకి ఏస్తావా?"

"ఏస్తాలే అన్నా," అన్నాను. ఛీ, నోటికి ఎలా వచ్చిందో!

తెల్లారి లెన్సుకు బదులు నేనే బస్సెక్కాను. బాగేపల్లి స్టాండులో కండక్టరు వైపు వస్తున్న ఆయన నన్ను చూసి ఆగాడు.

"నువ్వే వస్తివే! లెన్సు యాడప్పా?"

"ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తినన్నా."

నా మెడలో వేలాడుతున్న కొత్త క్యామెరా వంక చూశాడు. "సరే పద, టైమైతాండాది," అన్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

ముహూర్తానికి ఎప్పటిలాగే జనం స్టేజీ ఎక్కేశారు. బాడీతో పాటు వచ్చిన చిన్న లెన్సుతో నేను కింద నిలబడ్డాను. ఆయన పైకెక్కి మధ్యలోకి దూరబోతే ఎవరో పెద్దాయన మోచేత్తో నెట్టేశాడు. అంతలో ధారె అయిపోయింది. ఇద్దరి దగ్గరా మిగిలినవి వీపులు, పూలజడలు, ఒక మేనమామ తెల్లచొక్కా. పెళ్ళికూతురి ముఖం ఒక్కదాంట్లోనూ లేదు.

వాళ్ళమ్మ వచ్చి క్యామెరా తెర మీద వేలితో వెతికింది. "మా పాప మొగం యాడుండాదప్పా?" ఆయనే ముందుకొచ్చి, "నాదే తప్పమ్మా, సరైన లెన్సు లేకుండా వస్తి," అన్నాడు. ఆమె నలుగురిలో ఆయన్ని కడిగేసింది. చిన్నకూతురి పెళ్ళికి గడప తొక్కొద్దని తేల్చి చెప్పింది. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను. సిగ్గుతో చచ్చాను గాని, తప్పు నాదని మాత్రం అనలేదు.

భోజనాల బంతిలో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. సగం తిన్నాక, ఆకు వైపే చూస్తూ అడిగాడు. "దానికెంత ఇచ్చిరప్పా?"

చెప్పాను.

"అంతేనా?" చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "నన్నొక మాట అడిగింటే, నా సగం నీకే ఇడిసిపెడ్తాంటిని గదప్పా."

మజ్జిగ ఇంకా రాలేదు. ఆకు మడిచి లేచి వెళ్ళిపోయాడు.