ఆవిరి ఆపిన తర్వాత

1991 వేసవి. భువనగిరి శివారులో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో సరుకు కాచే రియాక్టర్ పేలి ఒక మనిషి చనిపోయాడు. కారణం తేల్చమని హైదరాబాదులోని మా ప్రయోగశాలకు రాశారు. రసాయన ఇంజనీరుగా నా పని కైనెటిక్స్, అంటే ఏ చర్య ఎంత వేగంగా జరుగుతుందో లెక్కగట్టడం. మనుషులతో పెద్దగా పని ఉండదని కోరి ఎంచుకున్న విద్య అది.

నేను వెళ్లేసరికే కారణం తేలిపోయినట్టు మాట్లాడుతున్నారు. ఆపరేటర్ ఖాజా మియా రియాక్టర్‌ను వేడిచేసే ఆవిరి వాల్వ్ మూయడం మరిచాడు, సరుకు మితిమీరి కాగింది, పేలింది. మేనేజరుకు నా సంతకం ఒక్కటే తక్కువ.

ఖాజాను దవాఖానలో చూశాను. రెండు చేతులకూ కట్లు. చనిపోయిన మల్లయ్యదీ అతనిదీ ఒకే ఊరు, కేతేపల్లి. భువనగిరిలో ఒకే గది కిరాయికి తీసుకుని ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లు. మల్లయ్య వాళ్లు గొర్రెల కాపరులు. మొహర్రంలో పీర్ల పండుగ వస్తే నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆట ఆడడానికి ఖాజా కన్నా ముందు అతనే దిగేవాడట. ఇప్పుడు మల్లయ్య భార్య ఎల్లమ్మ ఖాజా మొహం చూడనంది. దినాలకు కూడా రావద్దని కబురు పంపింది.

"ఆవిరి నేను బంద్ చేసిన సార్," అన్నాడు ఖాజా. చేతుల కట్ల వైపు చూసుకుని, "చేసిన్ననే అనుకున్న. అందరు చెయ్యలే అంటాండ్రు. ఇప్పుడు నాకే సమజైతలేదు."

ఉద్యోగం పోతుందేమోనన్న మాటే ఎత్తలేదు. ఎల్లమ్మకు ఏం చెప్పాలన్నదే అతని ఫికర్.

రియాక్టర్లో కాగిన సరుకును పనివాళ్లు ఖిచిడీ అనేవాళ్లు. ఏ మందు చేసినప్పుడు మిగిలిన సాల్వెంటైనా, అంటే కరిగించే ద్రవమైనా, ఒకే ట్యాంకులో పోసేవారు. తర్వాత దాన్ని కాచి పనికొచ్చేది ఆవిరిగా పట్టుకునేవారు. విడివిడిగా పరీక్షిస్తే అందులో అన్నీ బుద్ధిమంతులే. కలిస్తే ఏది దేనితో ఎంత వేగంగా కలబడుతుందో ఒక్కొక్కటిగా రాయాలంటే జన్మ చాలదు. అందుకని లంపింగ్ చేస్తాం. ఒకేలా ప్రవర్తించేవాటిని ఒక మూటగా కట్టి, మూటకొక వేగం ఇస్తాం. నేను మూడు కట్టాను: ఆవిరైపోయేవి, మెల్లగా విడిపోతూ వేడి పుట్టించేవి, అడుగున మిగిలే తారు. ట్యాంకులో మిగిలిన ఖిచిడీని చిన్న ఉక్కు పాత్రలో మూత బిగించి కాచి, తనంతట తాను ఎంత వేడెక్కుతుందో కొలిచి ఆ వేగాలు పట్టుకున్నాను.

తర్వాత లెక్క రెండు రకాలుగా వేశాను. ఆవిరి తెరిచే ఉంటే వేడి మొదటి నుంచీ గబగబా పెరగాలి. మూసి ఉంటే చాలాసేపు చీమ నడకన పాకి, చివర్లో ఒక్కసారిగా ఎగబాకాలి. రియాక్టర్ వేడిని నమోదు చేసే చార్టు మీద గీత అచ్చం రెండోదే. ఖాజా ఆవిరి మూశాడు.

అయితే గీత కలవాలంటే ఇంకొకటి కూడా నిజం కావాలి. ఆవిరి ఆపాక, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్ అనే తొడుగులోకి చన్నీళ్లు పోయి ఉండకూడదు. అడిగితే మిగతా ఆపరేటర్లు ఒప్పుకున్నారు. ఆ వేసవి బోర్లు అడుగంటాయి. నీళ్లు వదలొద్దు, దానంతటదే చల్లారుతుందని మేనేజరే నోటిమాటగా చెప్పాడట. పొయ్యి మీంచి దించిన కుండ చల్లారుతుంది, నిజమే. ఈ ఖిచిడీ పొయ్యిని తన కడుపులోనే పెట్టుకుంది.

రిపోర్టు ఇచ్చేసి కేతేపల్లి బస్సెక్కాను. నా ఉద్యోగంలో ఒక మనిషికి మంచి కబురు మోసుకెళ్లడం అదే మొదలు. చాలా సంతోషంగా ఉంది. అప్పటికి ఇంటికొచ్చిన ఖాజాను వెంటబెట్టుకుని ఎల్లమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె గడప దాటలేదు. ఆవిరి ఇతను మూశాడమ్మా, సరుకే తనంతట తాను కాగిందని చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తాగు ఖాజన్న," అంది.

ఖాజా చెంబు అందుకోలేదు. నావైపు తిరిగి, "నేను ఆవిరి బంద్ చేస్తే మల్ల ఎట్ల కాగింది సార్?" అన్నాడు.

జాకెట్లోకి నీళ్లు పోకపోవడం వల్ల అన్నాను. ఆ ఆర్డరు మేనేజరుది, నీది కాదని కూడా అన్నాను. విన్నాడో లేదో.

"జరసేపు నీళ్లు ఇడుస్తనని మల్లయ్య వాల్వ్ కాడికి పోయిండు సార్," అన్నాడు మెల్లగా. "బోరు ఎండిపోతాంది, వద్దని నేనే వాపస్ పిలిచిన."

ఎల్లమ్మ చెంబు గడప మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఖాజా దాన్ని ముట్టుకోలేదు. తిరుగు బస్సు వచ్చేదాకా నా పక్కన నిలబడ్డాడు.

ఆ తర్వాత నేను ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా మొదట అడిగేది ఆవిరి ఆపాక నీళ్లు వదులుతున్నారా అనే. బోరు సంగతి తర్వాత చూసుకుందామంటాను. చాలామంది వింటారు. మిశ్రమంలో ఏ మూట ఎంత వేడి పుట్టించిందో ఇప్పటికీ పంచి చెప్పగలను. తప్పును కూడా అలాగే పంచి, పెద్దవాటా మేనేజరుదేనని రిపోర్టులో రాశాను కూడా. కేతేపల్లిలో మాత్రం ఒక మనిషి దాన్ని మొత్తంగా మోశాడు. ఆ బరువు అతని నెత్తిన పెట్టి వచ్చింది నా లెక్కే, ఆ లెక్కలో తప్పు కూడా లేదు.