కొళాయి ఫోటో సరిగా రాలేదు

నాకు ఫోటోలు తీయడం చేతకాదని మా ఆఫీసు ఇచ్చిన కాగితం ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. కింద పెద్ద సంతకం, గుండ్రటి ముద్ర. దాన్ని సంపాదించడానికి మూడు నెలలు కష్టపడ్డాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. పల్లెల తాగునీటి పనులు చూసే ఆఫీసులో, మదనపల్లెలో, నేను కాంట్రాక్టు ఉద్యోగిని. ప్రతి ఏడాదీ ఉంచుతారో పీకేస్తారో తెలియని కొలువు. అప్పటిదాకా ఏ పని ఎంతవరకు వచ్చిందో ఇంజినీరు వెళ్ళి చూసి పుస్తకంలో రాసుకునేవారు. ఉన్నట్టుండి హైదరాబాదు నుంచి హుకుం వచ్చింది. ఇకమీదట ప్రతి పనినీ మేమే కంప్యూటర్లో చూస్తాం, ఫోటోలు ఎక్కించండి అని. నన్ను కుప్పం పంపించి మూడు రోజులు శిక్షణ ఇప్పించారు. మొదటి రెండు రోజులూ కరెంటు లేదు. నల్లబల్ల మీద సుద్దముక్కతో మౌసు బొమ్మ గీసి, ఎక్కడ నొక్కాలో చూపించారు. మూడో రోజు కరెంటు వచ్చింది గానీ సర్టిఫికెట్లు పంచడంతోనే సాయంత్రమైపోయింది.

ఒక్కో ట్యాంకుకు మూడు ఫోటోలు. పునాది, స్తంభాలు, చివరికి కొళాయిలో నీళ్ళు. మూడూ ఎక్కితే తెర మీద నూరు శాతం అని ఆకుపచ్చగా పడుతుంది. ఒకసారి పడిందంటే వెనక్కి తిప్పే దారి లేదు. ఆ ఊరు జాబితాలోంచి పోతుంది, కాంట్రాక్టరుకు బిల్లు పాసవుతుంది. బోరు నుంచి ట్యాంకుకు భూమిలో పూడ్చే పైపుకు మాత్రం ఫోటో అడగలేదు. పూడ్చినాక ఎలాగూ కనబడదు కదా అనుకున్నారేమో.

పుంగనూరు అవతల ఒక మెట్ట ఊళ్ళో ట్యాంకు కట్టారు, నీలం రంగు వేశారు, వీధిలో కొళాయి పెట్టారు. బోరేమో ఊరి బయట వంక దగ్గరుంది. మధ్యలో పైపు లేదు.

"పైపు యాడప్పా?" అని కాంట్రాక్టరును అడిగాను.

"ఫోటోకు నీళ్ళు గదా సారూ కావాల్సింది, పైపుతో నీకేం పని?" అన్నాడు జాలిగా.

ట్యాంకు వెనక నీళ్ళ ట్యాంకరు నిలబెట్టించి, కొళాయికి వచ్చే గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించాడు. ట్యాంకరు ఫోటోలో పడకుండా నన్ను భుజాలు పట్టుకుని నాలుగడుగులు పక్కకు జరిపాడు. కొళాయి తిప్పితే నీళ్ళు దూకాయి.

నేను కెమెరా నొక్కేలోపే ఊళ్ళో ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చి పడ్డారు. పాపం, పొలాల్లోని బావి దాకా రోజూ నడిచి నీళ్ళు మోసుకునేవాళ్ళు. ఫోటోలో పదహారు బిందెలు, ఒక మేక పడ్డాయి. కొళాయి పడలేదు. అదే తెచ్చి ఎక్కించాను. ఆ రోజుల్లో టెలిఫోను లైను మీద ఒక్క ఫోటో ఎక్కేలోపు ఇంటికెళ్ళి భోంచేసి రావచ్చు. వారానికి జవాబు వచ్చింది: కొళాయి కనబడుట లేదు, మరల పంపగలరు.

కాంట్రాక్టరు మళ్ళీ ట్యాంకరు తెప్పించాడు, మళ్ళీ నేను వెళ్ళాను. ఈసారి కొళాయి పక్కింటి అవ్వ నా దగ్గరికి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆమె మాటంటే మాటే.

"పోయిన తూరి ఫోటో సరిగా రాలేదంట గదప్పా?"

"రాలేదవ్వా."

"ఈ తూరి కూడా రాకుంటే మళ్ళా వస్తావా?"

"రావాల్సిందే."

"ట్యాంకరు కూడా వస్తాదా?"

"వస్తాది."

ఆమె కెమెరా వైపు వేలు చూపించింది. "ఒకవేళ బాగా వస్తే?"

 ఆమెకు ముందే అర్థమైంది. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. నేను ఒక్క ఫోటో బాగా తీస్తే ఆ ఊరికి నీళ్ళు వచ్చేసినట్టు కంప్యూటరు ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ట్యాంకరూ రాదు, పైపూ రాదు, అడిగే దిక్కూ ఉండదు.

ఆ రోజు నా బొటనవేలు లెన్సు మీద పడింది. పై వారం సూర్యుడికి ఎదురుగా తీశాను. ఆ పై వారం చేయి వణికింది. అవ్వ కూడా ఊరికే ఉండలేదు. నేను బాగా తీసేస్తానేమోనన్న అనుమానంతో, సరిగ్గా నొక్కే సమయానికి ఎవరో ఒకరిని కొళాయికి అడ్డంగా వంగబెట్టేది. కాంట్రాక్టరు మాత్రం "రవ్వంత పక్కకు పొండమ్మా, మీరు నీళ్ళు పట్టుకునేటట్టు ఫోటో తియ్యాల" అని చేతులు జోడించేవాడు. వాళ్ళు పక్కకు పోతే పట్టుకునేదెవరో అతనికే తెలియాలి.

చివరికి కాంట్రాక్టరు విసిగిపోయి, మదనపల్లెలో పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియో అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కొళాయికి బంతిపూల దండ వేయించి, అవ్వను గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు. ఫోటో దివ్యంగా వచ్చింది. అదృష్టం కొద్దీ సైజు ఎక్కువైందని కంప్యూటరు తీసుకోలేదు. సైజు తగ్గించడం కుప్పంలో నాకు నేర్పలేదని చెప్పాను. అది అబద్ధం కాదు.

మా ఇంజినీరు గారు పిలిచారు. "ఏమప్పా, కొళాయి ఫోటో తీసేదానికి ఇన్నాళ్ళా? అదేమన్నా చంటిబిడ్డా, కదిలేదానికి?" అన్నారు. పైపు లేదని చెప్పాను. "ఫారంలో పైపుకు గడి ఉండాదా?" అన్నారు. లేదన్నాను. ఆ తర్వాతే, నాకు ఫోటోలు తీయడం చేతకాదన్న ఆ మెమో ఇచ్చారు. శిక్షణ సర్టిఫికెట్టు ఉన్నది ఆఫీసులో నాకొక్కడికే కాబట్టి కెమెరా మాత్రం తీసుకోలేదు. ఏడాది చివర నన్ను తీసేస్తారనే అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాలుగో నెలలో కాంట్రాక్టరు దిగొచ్చాడు. "ట్యాంకర్లు తోలి తోలి నా పానం పోతాండాది సారూ. దీనికంటే ఆ పైపేదో వేసేదే మేలు" అన్నాడు. వారం తిరక్కుండా వేశాడు.

బోరు నీళ్ళు వచ్చిన రోజు వెళ్ళి, ఊపిరి బిగబట్టి ఫోటో తీశాను. కొళాయి, లావాటి ధార, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ ఒక్క మనిషి లేదు. పొద్దస్తమానం వచ్చే నీళ్ళకు ఎవరు ఎగబడతారు? హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది: ఫోటోలో లబ్ధిదారులు కనబడుట లేదు, మరల పంపగలరు.

ఈసారి నాకు నిజంగానే ఒళ్ళు మండింది. బస్సెక్కి వెళ్ళేసరికి అవ్వ తిన్నె మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది.

"అవ్వా, బిందె తీసుకుని ఒక్క నిమిషం కొళాయి కాడికి రా. ఫోటో తియ్యాల."

"నీళ్ళు వస్తాండాయి గదప్పా. ఇంక ఫోటో యాల?"

 ఆమె లేచి లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. చల్లగా, కొంచెం ఉప్పగా ఉన్నాయి. నేను తాగుతుంటే పక్కన కూర్చుంది.

"మా చెల్లెల్ని నిమ్మనపల్లె కాడ ఒక ఊరికి ఇచ్చిండాము. ఆడ కూడా ఈ మాదిరే ట్యాంకు కట్టినారంట. సుక్క నీళ్ళు రావంట. ఆ ఊరికి కూడా నువ్వే పోయి ఇట్లే ఫోటోలు తియ్యప్పా, నీకు పుణ్యముంటాది."

ఏ ఊరని అడిగాను. చెప్పింది.

ఆ ఊరి ఫోటో తీసింది నేనే. కుప్పం నుంచి వచ్చిన మొదటి వారం. కొళాయికి ఎవరూ అడ్డం రాలేదు, వెలుగు బాగుంది, ఒక్కసారికే చక్కగా వచ్చింది. ఆ వారమే నూరు శాతం పడింది. ట్యాంకు వెనక్కి వెళ్ళి చూడాలని ఆ రోజు నాకు తోచలేదు. ఆమె ముందు తలెత్తలేక, "సరే అవ్వా" అని చెంబు తిరిగిచ్చాను.