సూదిలో దారం ఎక్కేంత సేపు

ఎమ్మారై గదిలో ఆమెను అందరూ ఊపిరక్క అంటారు. పదమూడేళ్లుగా అద్దానికి ఇవతల కూర్చుని మైకులో "ఊపిరి వదలండి... ఆపండి... ఇప్పుడు పీల్చుకోండి" అనడమే ఆమె పని. ఇంట్లో కూడా ఆ గొంతే వస్తుంది; భర్త పాపం ఊపిరి బిగబట్టి మరీ వింటాడు.

ఆ ఉదయం ఒక ముసలి దర్జీని తల స్కానింగుకు తీసుకొచ్చారు. కుట్టిన చొక్కాకే మళ్లీ చేతులు కుడుతున్నాడట, ఇంటిదారి మరిచిపోతున్నాడట. "మతిమరుపు జబ్బు, ఇక మామూలు మనిషి కాడని అందరూ తేల్చేశారమ్మా," అంటూ భార్య కళ్లొత్తుకుంది.

తెరమీద బొమ్మ పడగానే ఊపిరక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. మెదడు నడిమధ్య, రెండు పక్కలా తెల్లటి మెరుపు! కాలేయం చెడినవాళ్లలో ఈ మెరుపును ఆమె చాలాసార్లు చూసింది. జబ్బు తేల్చడం ఆమె పని కాదు గానీ, నోరు మూసుకు కూర్చోవడం ఆమె తరమా? డాక్టరమ్మకు ఫోను చేసింది.

"లివర్ కూడా చూసెయ్, ఇప్పుడే!" అంది డాక్టరమ్మ.

ఆ పరీక్షకు పక్కటెముకల మీద చిన్న డప్పులాంటి బిళ్ల కడతారు. అది అదురుతుంటే ఆ అదురు కాలేయంలో ఎలా పాకుతుందో యంత్రం బొమ్మ తీస్తుంది. కాలేయం గట్టిపడి ఉంటే ఇట్టే దొరికిపోతుంది. ఒకటే షరతు: ఊపిరి వదిలేసి పదిహేను సెకన్లు ఆపాలి. దర్జీకి ఆ మాట బుర్రకెక్కదే! ఆపమంటే పీలుస్తాడు, పీల్చమంటే "కొలతలు రాసుకున్నావా?" అంటాడు. మూడుసార్లు బొమ్మ చెడింది. ఊపిరక్కకు ఏడుపొక్కటే తక్కువ.

పక్కనే నిలబడ్డ భార్య అంది: "సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి వదిలేసి బిగుసుకుపోతారమ్మా. నలభై ఏళ్లుగా చూస్తున్నా."

ఊపిరక్క మైకు ఆమె చేతికిచ్చేసింది.

"ఏమండీ, సూదిలో దారం ఎక్కించండి."

లోపల ముసలాయన ఛాతీ దిగింది, ఆగింది. పదిహేను సెకన్లు! బొమ్మ కడిగిన అద్దంలా వచ్చింది. కాలేయం గట్టిపడిపోయి ఉంది. "దొరికింది!" అన్న ఊపిరక్క కేకకు వరండాలో వాళ్లు తొంగిచూశారు. మధ్యాహ్నానికి రక్తపరీక్ష కూడా అదే చెప్పింది.

"ఇది ముసలితనపు మతిమరుపు కాదు," అంది డాక్టరమ్మ. "కాలేయం వడకట్టలేని విషం తలకెక్కింది. దీనికి మందుంది!"

నాలుగు వారాల తర్వాత దర్జీ తనంతట తానే నడిచి వచ్చాడు.

"నీ కోటుకు గుండీ ఊడింది తల్లీ. ఇటివ్వు."

"అయ్యో తాతగారూ, సూదా! లోపల అయస్కాంతం..."

"తెలుసులే, గుమ్మం బయటే కుడతా."

దారం కొన తడిపి, సూదిని కంటికెదురుగా పట్టుకున్నాడు. ఆయన ఊపిరి ఆగింది. ఊపిరక్కదీ ఆగింది. దారం ఎక్కింది.

"ఇప్పుడు పీల్చుకో," అన్నాడు దర్జీ.