పూడ్చిన గుంత మీద తొక్కుడుబిళ్ల

పోయిన ఆదివారం మా షడ్డకుడు ఆదోని నుంచి వచ్చి మా ముందుగదిలో మా అమ్మాయితో తొక్కుడుబిళ్ల ఆడాడు. షడ్డకుడంటే మా వైపు భార్య చెల్లెలి మొగుడు. యాభై దాటిన మనిషి, పొట్ట కూడా వచ్చింది. అయినా లుంగీ ఎగ్గట్టి ఒంటికాలి మీద గెంతుతుంటే మా అమ్మాయి గోడకు ఆనుకుని పడీపడీ నవ్వింది. నేను మూలన కూర్చుని గళ్ల కాగితం మీద ఒక చీర అంచుకు లెక్క వేస్తున్నాను. లెక్క తప్పింది. మళ్లీ వేశాను, మళ్లీ తప్పింది. నాకు అలా జరగడం అరుదు. వాళ్లు సుద్దముక్కతో గళ్లు గీసుకున్న చోట గచ్చు రంగు మిగతా గదిలా ఉండదు. అక్కడ కాస్త తెల్లగా, కాస్త దిగినట్టు ఒక అతుకు ఉంటుంది. దాని మీద ఈ మనిషి కాలు పడినప్పుడల్లా నా కడుపులో ఒక మంట లేస్తుంది. అది ఇవాళ్టిది కాదు, ఆ అతుకు వేసిన రోజుల నాటిది.

అక్కడ మా తాత తవ్వించిన మగ్గం గుంత ఉండేది. ఎమ్మిగనూరులో మా వీధిలో చాలా ఇళ్ల ముందుగదుల్లో ఇలాంటివి ఉన్నాయి. నేసేవాళ్లు నేల మట్టానికి కూర్చుని, కాళ్లు గుంతలోకి వేలాడేసి, కింది కర్రలు తొక్కుతారు. ఇంటికొచ్చే చుట్టాలు మాటలాపకుండానే గుంతను చుట్టి నడుస్తారు. నేను బడికి పోయింది తక్కువ. పడుగుకు ఎన్ని పోగులు, ఏ రంగు ఎంత పడుతుంది అనే లెక్కలు మా నాన్న పక్కన కూర్చుని సొంతంగా పట్టుకున్నాను. తర్వాత తర్వాత కొత్త రకం చీర మొదలుపెట్టేవాళ్లు ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు. అన్ని లెక్కలూ కుదిరేవి కానీ పెళ్లయి ఎన్నేళ్లయినా మాకు పిల్లలు పుట్టలేదు. కర్నూలు, బళ్లారి ఆస్పత్రులు తిరిగి తిరిగి విసిగాక, ఒకరోజు మా ఆవిడ దారం చుడుతూ చుడుతూ ఆపి, "మనకోసం ఒక బిడ్డ యాడో ఎదురుసూస్తాంటాది. పోయి తెచ్చుకుందాం" అంది. దత్తతకు దరఖాస్తు పెట్టాం. చాలా రోజులకు కబురొచ్చింది. హోం స్టడీకి ఆఫీసరమ్మ వస్తుందట. ఇల్లు చూసి, మాతో మాట్లాడి, మాకు బిడ్డను ఇవ్వొచ్చో లేదో రాస్తుందట.

నేను దాన్ని పరీక్షగానే తీసుకున్నాను. కిటికీ ఊచల సందులో పసిపిల్ల తల ఇరుక్కుంటుందేమోనని చెంబు పెట్టి చూశాను. నీళ్ల తొట్టికి మూత చేయించాను. ఆఫీసరమ్మ అడగబోయే ప్రశ్నలు ఊహించి మా ఆవిడతో జవాబులు వల్లె వేయించాను.

"బిడ్డ ఏడిస్తే ఏం జేస్తావు?"

"ఎత్తుకుంటా."

"ఎత్తుకున్నాక కూడా ఏడిస్తే?"

"నీ మొకం సూపిస్తా. బయపడి ఊరుకుంటాది."

అంతా సిద్ధమైందని నేను అనుకుంటుండగా ఎదురింటి పెద్దమ్మ గడపలో నిలబడి ముక్కున వేలేసుకుంది. "ముందుగదిలో ఇంత గుంత పెట్టుకోని బిడ్డ కావాలంటే ఎవురిస్తారప్పా మీకు?" అంది. ఆ గుంతలో కాళ్లు పెట్టుకునే నేను పెద్దవాణ్నయ్యాను. అది గుంత అనే సంగతి నాకు ఆ రోజే తెలిసింది. చిన్నపిల్ల పాకుతూ వచ్చి అందులో పడినట్టు కళ్ల ముందు కనబడింది. ఆ సాయంత్రమే మగ్గం విప్పి, కర్రలు మిద్దె మీదికి చేర్చి, పట్ట కప్పేశాను.

పూడ్చడానికి మట్టి కావాలి. మా ఆవిడ ఆదోనిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. షడ్డకుడు అక్కడ ట్రాలీ ఆటో నడుపుతాడు, పత్తి కుక్కిన గోనె బోరేలు మార్కెట్టుకు తోలుతాడు. మరుసటి పొద్దున్నే బండి నిండా మట్టితో మా ఇంటి ముందు దిగాడు. "అన్నా, మట్టి నాది, నీళ్లు నీవి, కూలోళ్లు మీ వీదోళ్లు!" అని హారన్ మోగించాడు. ఎక్కడెక్కడి పిల్లలో బిలబిలా వచ్చేశారు. నేను పుట్టి పెరిగిన వీధి అది. ఆ పిల్లలకు నేను 'లెక్క పోతాంది, అరవద్దు' అని కసిరే మనిషినే. అతను చిటికె వేస్తే వాళ్లంతా గుంతలో దూకి, కేకలు పెడుతూ మట్టి తొక్కారు. చంకలో ఒక పసివాణ్ని వేసుకుని, ఇంకొకణ్ని భుజమెక్కించుకుని, అతనూ వాళ్లతో తొక్కాడు. వాకిట్లో నిలబడి మా ఆవిడ నవ్వింది. ఆ ఇంట్లో అలాంటి నవ్వు నేనెప్పుడూ తెప్పించలేదు. నా చేతిలో పార బరువెక్కింది. ఇతనికి ఇద్దరు కొడుకులున్నారు కదా, అది చాలదన్నట్టు మా వీధి పిల్లలు కూడా ఇతనికే ఎందుకు, అనుకున్నాను. ఎందుకో తెలియదు, మట్టి మీద నీళ్లు మాత్రం గట్టిగా విసిరాను.

మేస్త్రీ వచ్చి పైన సిమెంటు గచ్చు వేసిపోయాడు. ఆఫీసరమ్మ వచ్చే రోజు షడ్డకుడు మళ్లీ వచ్చాడు, తన కొడుకులు ఊగిన ఉయ్యాల ఇచ్చిపోదామని. పోతాను పోతాను అంటుంటే మా ఆవిడ బొరుగుల ఉగ్గాని తిని పొమ్మని కూర్చోబెట్టింది. ఆఫీసరమ్మ చెప్పిన వేళకు ముందే వచ్చేసింది. నేను ఇస్త్రీ చొక్కాతో, కాగితాల సంచితో గోడ పక్కన నిలబడి ఉన్నాను. అతను చాప మీద, పక్కింటి పిల్లను ఒళ్లో పెట్టుకుని ఉగ్గాని తినిపిస్తున్నాడు. ఆమె తిన్నగా అతని వైపు చూసి, "నాన్న కాబోతున్నది మీరేనా?" అని నవ్వింది.

"నేను కాదు మేడం, అదో, మా అన్న" అన్నాడు. అప్పుడు ఆమె నన్ను చూసింది. ఆ నవ్వు నా దాకా వచ్చేసరికి సగమైంది.

ఇల్లంతా తిరిగి చూసింది. తొట్టి మూత ఎత్తి చూసింది. మళ్లీ ముందుగదికి వచ్చి, "నేతపని అని రాశారు. మగ్గం ఏది?" అంది.

అన్ని ప్రశ్నలకూ జవాబులు కట్టుకున్నాను, దానికి తప్ప. మా ఆవిడ నా వైపు చూసింది. షడ్డకుడు గొంతు సవరించుకుని, "మేడం, మా అన్న ఏమనుకున్యాడంటే" అని మొదలుపెట్టాడు.

"నువ్వు ఊరుకోప్పా!" అన్నాను. "ఇది నా ఇల్లు. అడిగింది నన్ను!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అతని ఒళ్లో పిల్ల నమలడం ఆపేసింది. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లల ఎదుట ఇలా అరిచేవాడికి బిడ్డనెవరిస్తారు? అయిపోయింది, బిడ్డ పోయింది అనుకున్నాను.

"సరే, మీరే చెప్పండి" అంది ఆఫీసరమ్మ.

ఇంకా తడి ఆరని గచ్చు చూపించాను. "ఈడనే ఉండె మేడం. పాప పడతాదేమోనని మొన్న పూడ్చినాం."

"మరి మీ సంపాదన?"

"అది... ఇంకా లెక్కెయ్యలేదు మేడం."

మా ఆవిడ చెంగు తీసింది. "ఈయప్ప ఉప్పు తెచ్చేదానికి కూడా లెక్కేసుకుంటాడు మేడం. దీనికొక్కదానికే ఎయ్యలేదు" అంది. అంటూ అంటూ ఏడ్చేసింది.

బతుకుతెరువు కళ్లకు కనబడకుండా అంతా బాగుందని తను రాయలేనని ఆఫీసరమ్మ చెప్పింది. వెనక గదిలో మగ్గం నిలబెట్టుకోండి, బిడ్డ పోకుండా అడ్డం కట్టండి, మళ్లీ ఒకసారి వస్తాను అంది. చెప్పులు వేసుకుంటూ, "మీ తమ్ముడికి పిల్లలు బాగా మాలిమి. బిడ్డకు అలాంటి చుట్టం ఉండటం మంచిది, అది కూడా రాస్తాను" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

గుంత అక్కర్లేని చట్రం మగ్గం వెనక గదిలో బిగించడానికి కూడా అతనే వచ్చాడు. నా కసురుకు అలిగి రాకుండా ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. రెండోసారి ఆఫీసరమ్మ చూసి తలూపింది. ఆ తర్వాత చాలా కాలం ఎదురుచూశాం. చివరికి బిడ్డను తీసుకుని రైల్లో వస్తుంటే దారి పొడుగునా నా చేతుల్లో ఏడ్చింది. మా ఆవిడ చెప్పినట్టు నా ముఖం చూపించాను, ఇంకా ఏడ్చింది. ఆదోని స్టేషన్లో షడ్డకుడు చేతులు చాచి, "ఇట్టియ్యన్నా" అన్నాడు. అతని భుజం మీద తల వాల్చి, ఒక్క నిట్టూర్పు విడిచి నిద్రపోయింది. ఎమ్మిగనూరు దాకా బస్సులో అతని పక్కన నేను ఖాళీ చేతులతో కూర్చున్నాను.

ఆదివారం ఆట దగ్గరికొస్తాను. నడిమి గడిలో జగడం లేచింది.

"సిన్నాయనా, గీత తొక్కినావు, ఔటు!"

"యాడ తొక్కితినే? నీ కండ్లు కాకులెత్తుకపోనూ!"

"నాన్నా, నువ్వు సెప్పు. నువ్వయితే తప్పు సెప్పవు."

కాగితం పక్కన పెట్టి లేచి, వంగి చూశాను. అతని బొటనవేలికీ గీతకూ మధ్య ఒక పోగు దూరేంత సందు స్పష్టంగా ఉంది.

"తొక్కినాడు" అన్నాను.

మా అమ్మాయి ఎగిరి నా మెడకు చుట్టుకుంది. అతను తన వేలు చూసుకున్నాడు, నన్ను చూశాడు. "అన్న లెక్కంటే లెక్కే" అని నవ్వి, కాలు దించి, పక్కకు పోయి కూర్చున్నాడు.

ప్రతి వానాకాలం తర్వాత ఆ అతుకు కొంచెం దిగుతుంది. నేను మళ్లీ కాస్త సిమెంటు పూస్తాను. పూడ్చిన మట్టి లోపల్లోపల సర్దుకుంటూనే ఉంటుందని మేస్త్రీ అంటాడు. ఎన్నేళ్లు పడుతుందో అతను చెప్పలేకపోయాడు, నేనూ ఇంతవరకూ లెక్క కట్టలేకపోయాను.