కారుకు ఆముదం

మా ముత్తాత పెదకోటయ్య గారు రొంపిచెర్ల దాపున నాలుగూళ్లకు మునసబు. ఆయన గుర్రం దిగిన చోట మిగతావాళ్లు చెప్పులు విడిచి నిలబడేవారు. మా తాత రాఘవయ్య గారు మా వైపు మొట్టమొదట మోటారు కారు కొన్న రైతు. మా నాన్నగారు శివరామయ్య గారు ఆ కారును పరాయి మనిషి చేతికివ్వకుండా తానే నడిపిన మనిషి. ఇవి గొప్పకు చెప్పుకునే మాటలు కావు. ఆ ఇంటికి చివరికి మిగిలినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పవలసిన పని నాకు పడింది. మొన్న మోకాళ్లకు రాసుకుందామని నరసరావుపేట బజారులో ఆముదం అడిగితే, దుకాణంవాడు అరచేతిలో ఇమిడే గాజుసీసా ఇచ్చాడు. మూత తీసి వాసన చూశాను. "తలకా మామ్మగారూ?" అన్నాడు. "ఒకప్పుడు మేం కారుకు పోసేవాళ్లం" అన్నాను. ముసలావిడ మతి చలించిందనుకున్నాడేమో, చిల్లర గబగబా చేతిలో పెట్టాడు.

మా చిన్నప్పుడు ఆముదం కొనే వస్తువు కాదు. ప్రత్తి చేల గట్ల మీద, మిరపతోట చుట్టూ, ఎవరూ నీళ్లు పొయ్యకపోయినా ఆముదపు చెట్లు ఎర్రటి కాడలతో మనిషెత్తు లేచేవి. గెలలు కోసి పెరట్లో నాపరాళ్ల మీద ఎండబెడితే, మధ్యాహ్నం వేళ కాయలు చిటపటమని పగిలి గింజలు మా కాళ్ల మీదికి ఎగిరొచ్చేవి. ఆ గింజలతోనే మేం గచ్చకాయలాడేవాళ్లం, ఆడి చేతులు కడుక్కోకపోతే నాయనమ్మ వీపు మీద ఒకటి పెట్టేది. దీపాలకు ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, పురిటి ఇంటికి ఆముదం, నెలకోసారి పరగడుపున పిల్లల గొంతులో ఆముదం. నాయనమ్మ నా ముక్కు పట్టుకుని ఉగ్గుగిన్నెతో పోసి, మింగేదాకా వదిలేది కాదు. ఆ పూట మిరియాల చారన్నం తప్ప ఇంకేమీ పెట్టేది కాదు. సద్ద రొట్టె మీద వెన్న కరుగుతుంటే, కొత్త గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ కొరుకుతూ నా ఈడువాళ్లు ఎదుట తింటుంటే, గడప మీద కూర్చుని చూసిన ఆ పూటలు నాకిప్పటికీ గుర్తే.

కారు ఉండేది పాత గుర్రపుసాలలో. గుర్రాలు పోయి ఇరవై ఏళ్లయినా వానకాలంలో ఆ గోడలు గుర్రాల వాసనే వేసేవి. నల్లటి కారు, పసుపురాసిన ఇత్తడి దీపాలు, దసరాకు కట్టిన ఎండుబంతి దండ మళ్లీ దసరాదాకా దాని మూతికి వేలాడుతుండేది. దాని బ్రేకులు ఇనుప కడ్డీలవి. పెడలు తొక్కితే అడుగున కడ్డీలు చక్రాలను లాగి పట్టుకోవాలి. కడ్డీలు అరిగి, ఒక పక్క పట్టి రెండో పక్క పట్టక, ఆపుదామంటే కారు గేదెలాగా పక్కకు తిరిగేది. మేం పేటకు వెళుతుంటే అల్లంత దూరంలోనే జనం దారి ఇచ్చేవారు. అది మర్యాద అనుకునేదాన్ని. సగం మర్యాద, సగం ప్రాణభయం అని తర్వాత తెలిసింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మిలిటరీవాళ్లు వదిలేసిన బండ్ల సామాను మద్రాసులో వేలం వేస్తున్నారని తెలిసి, నరసరావుపేట మెకానిక్కు సైదా సాయిబు వెళ్లి మా కారుకు వేద్దామని ఒక లారీ తాలూకు, కడ్డీల బదులు నూనె ఒత్తిడితో పట్టే ఆయిలు బ్రేకులు తెచ్చాడు. సైదా అప్పటికి నలభై దాటిన మనిషి, పొట్టిగా, గడ్డంలో రెండు తెల్లవెంట్రుకల పాయలతో ఉండేవాడు. పేట నుంచి మాచర్ల వైపు తిరిగే బస్సులన్నిటి బాగూ ఓగూ ఆయనే చూసేవాడు. మా కారు మాత్రం షెడ్డుకు పోదు. మంగలి ఇంటికొచ్చినట్టు, కంసాలి ఇంటికొచ్చినట్టు మెకానిక్కూ ఇంటికి రావలసిందే. సైదా తన సామానంతా సైకిలుకు కట్టుకుని వచ్చి, మాఘమాసపు మంచులో తొమ్మిది రోజులు మా గుర్రపుసాలలో పని చేశాడు.

ఆ తొమ్మిది రోజులూ నేను ఆయన పక్కనే ఉన్నాను. నాకప్పుడు పదేళ్లు. పిల్ల ఆ గ్రీజులో ఏందని అమ్మ గొణిగినా, నాకు ఒక పని పడింది. నాలుగు చక్రాలకూ రాగి గొట్టాలు బిగించి, వాటిలో నూనె నింపాక, లోపలి గాలిబుడగలు తియ్యాలంటే ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర కూర్చుని మర తిప్పాలి. తాతగారి కాలపు డ్రైవరు యుద్ధంలో చేరి తిరిగి రాలేదు. నాన్నగారు స్టీరింగు ముందు కూర్చున్నారంటే కారు కదలాలి. నిలబడ్డ కారులో కూర్చుని ఇంకొకరు చెప్పినట్టు కాలు ఆడించే పని ఆయన చెయ్యరు. అందుకని నేను తొక్కాను.

"తొక్కండి చిన్నమ్మగారూ. ఆఁ, పట్టుండి. పట్టుండి. ఇప్పుడు వదలండి" అని కారు కింద నుంచి సైదా గొంతు వినిపించేది. నా పట్టీలు పెడలుకు తగిలి గలగలమనేవి. "ఈ పట్టీల సప్పుడుకే గాలి పారిపోతాంది, ఇంక నేనెందుకు" అనేవాడు.

మిలిటరీ డబ్బాలో తెచ్చిన నూనె రెండు చక్రాలకే సరిపోయింది. సైదా నాయనమ్మను అడిగి ఆముదం తీసుకున్నాడు. అదీ నీళ్లు పోసి వండింది కాదు, గానుగలో ఆడించింది కావాలన్నాడు. పేట డాక్టరు దగ్గర నుంచి తెచ్చిన స్పిరిటులో దాన్ని కలిపి, గుడ్డలో నాలుగు మార్లు వడగట్టి పోశాడు. "దీంట్లో ఇంకో నూనె సుక్క పడగూడదమ్మా. ఇంజను నూనె గాని తగిల్తే లోపల రబ్బరు ఉబ్బుద్ది. ఆముదం రబ్బరును ఏం చెయ్యదు. సీమవాళ్ల డబ్బాలో ఉండేదీ ఇదే, పేరు మార్చారంతే" అని నాకు చెప్పాడు. నాన్నగారికీ చెప్పాడు. పని అయ్యాక నా బలపం అడిగి తీసుకుని చక్రం లోపల రుద్ది, తిప్పి, బ్రేకు పట్టాకు తెల్లగా ఎక్కడ అంటిందో చూసి, అక్కడ ఆకురాయితో వెంట్రుక మందం గీకి, మళ్లీ రుద్ది, చెవి ఆనించి విన్నాడు. ఊరి చివర వాలు దగ్గర నాన్నగారు తొక్కి చూస్తే, కారు గీత గీసినట్టు నిలబడింది. ఆ పూట నాన్నగారు సైదాకు మా ఇంటి పంచలో, పనివాళ్లకు పెట్టినట్టు ఆకులో కాదు, కంచంలో అన్నం పెట్టించారు.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు మా మేనత్త భర్త, ఎడ్లపాడు మామయ్య, వచ్చాడు. వసారాలో పదిమంది కూర్చుని ఉండగా చుట్ట తీసి, "ఏంది బావా, మీ కారుకు కడుపులో బాగలేదంట, ఆముదం పట్టారంట గదా. మరి చారన్నం గూడా పెట్టారా" అన్నాడు. నవ్వని వాడు లేడు. పాలేరు కూడా గొడ్ల వెనక్కి తిరిగి నవ్వాడు. నాన్నగారూ పెదవులతో నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను.

మర్నాడు పొద్దున నన్ను కారు దగ్గరికి పిలిచారు. ముందు మూత ఎత్తి, బ్రేకు నూనె గిన్నెలో ఉన్నదంతా గుడ్డతో పీల్చి తీసి, గుంటూరు నుంచి తెప్పించిన ఇంజను నూనె డబ్బా సీలు పగలగొట్టారు. గరాటు నన్ను పట్టుకోమన్నారు. "నాన్నగారూ, సైదా ఇంకో నూనె పొయ్యొద్దన్నాడు" అన్నాను. "రాఘవయ్య గారి కారు. ఈ లేకి నూనెతో నడవదు. సరిగ్గా పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. ఆయన డబ్బా ఒంచారు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజంతా ఆయనే తొక్కుతూ, వదులుతూ కొత్త నూనె అడుగుదాకా దిగిందనుకునేదాకా ఊరంతా తిప్పారు.

శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లకు నాన్నగారు, నాయనమ్మ, నేను బయలుదేరాం. ఉపవాసం నాకు లేదు గనక ఒళ్లో ఉడకబెట్టిన చిలకడదుంపలు, ఖర్జూరాల పొట్లం. దారి పొడుగునా ఎడ్లబండ్లు, చెరుకుగడల మోపులు, పిల్లల పీకబూరాలు; పొద్దు వాలే వేళకు దుమ్ము పసుపురంగుకు తిరిగి, ఆ దుమ్ములో నుంచి తాటిచెట్లకంటే ఎత్తుగా, ఎడ్లబండ్ల మీద నిలబెట్టిన వెదురు ప్రభలు ఊగుతూ, గంటల చప్పుడుతో కొండ వైపు కదులుతుండేవి. చాలాసేపటి నుంచి ఏదో మాడు వాసన వస్తోందని నాయనమ్మ అంటూనే ఉంది. బ్రేకులు చక్రాలను పట్టేసుకుని రుద్దుకుంటున్నాయని, ఆ వేడికి గొట్టాల్లో నూనె మరుగుతోందని మాకు తెలియదు. కొండ దాపున కల్వర్టు దిగువకు వాలు. ఎదురుగా ఒక ఊరి ప్రభ ఆగి ఉంది. నాన్నగారు పెడలు తొక్కారు. అది మెత్తగా, చెప్పు బురదలో దిగినట్టు, కిందిదాకా పోయింది. నేను ఆయన పాదాన్నే చూస్తున్నాను. రెండోసారి తొక్కారు. చేతిబ్రేకు లాగేసరికి కారు అడ్డం తిరిగి, ప్రభ లాగే జతల్లో వెనకటి ఎద్దును కొట్టింది. ప్రభ ఒరిగి, మోకులు పట్టిన మగవాళ్ల బలం మీద నిలిచింది. మనుషులకేమీ కాలేదు. ఎద్దు ముందుకాలు విరిగింది. దాని రైతు ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని, మమ్మల్ని తిట్టలేదు, చూడనూ లేదు. నాన్నగారు కారు దిగి, చుట్టూ మూగిన జనంతో, "పేట సైదా గాడు వేసిన బ్రేకులు" అన్నారు.

మర్నాడు తెల్లారేసరికి మా కొట్టంలోని మేలైన జత ఆ రైతు ఇంటికి వెళ్లింది. అడగకముందే పంపారు. మా నాన్నగారు అటువంటి మనిషే.

మేం కబురు పెట్టకముందే సైదా వచ్చాడు. కారును ఎడ్లతో లాక్కొచ్చి సాలలో నిలిపారు. ఎడ్లపాడు మామయ్య, ఊరి పెద్దలు నలుగురూ, ప్రభ తాలూకు ఊరివాళ్లు ఇద్దరూ చూస్తుండగా ఆయన చక్రం విప్పి, లోపలి రబ్బరు బిళ్ల తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది. వేలికంటిన నూనె వాసన చూశాడు.

"అయ్యగారూ, ఇందులో ఇంకేదన్నా నూనె పడిందా?"

"మేమెందుకు పోస్తాం?" అన్నారు నాన్నగారు.

సైదా నా వైపు తిరిగాడు. తొమ్మిది రోజులు నా కాలి లెక్కకు తన చెయ్యి కలిపిన మనిషి. "చిన్నమ్మగారూ, మీరు చెప్పండమ్మా. మీరు చెప్తే అయిపోద్ది" అన్నాడు మెల్లగా.

నాన్నగారు నా వైపు చూడలేదు. గోడ మీద పాత గుర్రపు కళ్లెం తగిలించిన మేకు వైపు చూస్తూ నిలబడ్డారు. కళ్లెర్ర చేసి ఉంటే నేను భయపడి అన్నానని ఇప్పుడు చెప్పుకోగలిగేదాన్ని. ఆయన నన్ను భయపెట్టలేదు. నన్ను నమ్మి అటు చూశారు.

"లేదు" అన్నాను.

"అయితే పని నాదేనండీ" అన్నాడు సైదా. రబ్బరు బిళ్లను తువాలు కొంగున ముడేసుకుని, పెరట్లో బొగ్గుపొడితో చేతులు రుద్దుకుని, నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగాడు. "ఆముదం పనితనం చూశాం లేరా సాయిబూ" అన్నాడు మామయ్య. సైదా తాగిన గ్లాసు తానే కడిగి గట్టు మీద బోర్లించాడు. సైకిలెక్కి వెళ్లేటప్పుడు నా వైపు చూస్తాడేమోనని స్తంభం వెనక నిలబడ్డాను. చూడలేదు.

ఆ ఉగాదికే పేట బస్సులవాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారని, వానలు పడేలోగా సైదా కుటుంబంతో కృష్ణ దాటి నైజాం వైపు వెళ్లిపోయాడని విన్నాం. మా ఇంట్లో ఆ పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నాన్నగారూ నేనూ ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఒక ఇంట్లో బతికాం, ఆయన చివరి మంచినీళ్లు నా చేతి మీదుగానే తాగారు; గరాటు సంగతి మా మధ్యకు రాలేదు. ఆయన అబద్ధమాడలేదని ఎవరైనా నాతో వాదిస్తే ఒప్పుకుంటాను. ఆయన ఒక ప్రశ్న వేశారు, అంతే. అబద్ధం ఆడింది నేను. ఇప్పటికీ బస్సులో కూర్చుంటే, ఏ వాలు దగ్గరనైనా, "పట్టుండి, పట్టుండి" అని కింద నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. వదలమని మాత్రం చెప్పదు.

నాకు నలభై ఏళ్లప్పుడు ఒకసారి పేటలో పాత షెడ్ల దగ్గర సైదా గురించి అడిగాను. గొంగళి కప్పుకున్న ఒక ముసలి క్లీనరు, "ఏ సైదా? తిరునాళ్లలో బ్రేకులు పోగొట్టిన సైదానా?" అన్నాడు. అవునన్నాను. అక్కడ కూడా అవుననే అన్నాను.

ఇప్పుడు చేల గట్ల మీద ఆముదపు చెట్లు లేవు, గానుగలు లేవు, కాలువ నీళ్లొచ్చి ప్రత్తి పోయిన చోట వరి ఊగుతోంది. ప్రభలకు కరెంటు దీపాలొచ్చాయి. గుర్రపుసాల ఉన్న చోట ఎరువుల గోడౌను ఉంది. పెదకోటయ్య గారి పేరు చెబితే ఆ ఊళ్లో తల తిప్పి చూసేవాళ్లు లేరు. వాళ్ల తప్పేమీ కాదు.

కారు మాత్రం అన్నిటికంటే ముందు పోయింది. తిరునాళ్లయిన రెండు నెలలకు గుంటూరు నుంచి ఒక మెకానిక్కు మా ఇంటికే వచ్చి, రబ్బర్లు మార్చి, గొట్టాలు కడిగి, సైదా వేసిన బ్రేకుల్లో ఒక్క మరను కూడా మార్చకుండా ఆముదమే పోసి వెళ్లాడు. ఆ వేసవిలో మాచర్ల నాపరాళ్ల వ్యాపారి ఒకాయన కారు చూడటానికి వచ్చి, బ్రేకుల సంగతేమిటని అడిగాడు. నేను వసారాలోనే ఉన్నాను. "సైదా సాయిబు చేతి పని, చూసుకోనక్కర్లేదు" అని చెప్పి నాన్నగారు కారు అమ్మారు.